వియ్యపురాలి చెవిపూస

మాఘ శుద్ధ తదియ

మంచువల దులిపితే బిందెలో సగం కూడా పడలేదు. ఈ ఎగువపాలెం కొండ మీద మంచే తగ్గిందో, పై వరసల వాళ్ళు మా వంతు మంచు కూడా పట్టేసుకుంటున్నారో తెలియదు. రెండోదేనని నా అనుమానం. నాకు అనుమానం పాలు ఎక్కువని మా అమ్మాయి హిమజ అంటుంది. ఉప్పెన రాదని ఆఫీసువాళ్ళు ఎంతో మర్యాదగా చెబితే అనుమానించకుండా నమ్మినవాళ్ళు పాత పాలెంలోనే ఉండిపోయారు, సముద్రం అడుగున. వాళ్ళలో మా ఆయన ఒకరు. అప్పటినుంచి ఎవరైనా మరీ తియ్యగా మాట్లాడితే నేను ముందు మూట సర్దుకుంటాను.

పొద్దున్న మర్యాద మండలి ఇన్‌స్పెక్టరు కిరణ్మయి వచ్చింది. పక్కింటి తవిటమ్మ బిందె పట్టుకుని ఎదురెళ్ళింది. నాకు వినిపించిన మాటలు ఇవి: "అమ్మా, నీళ్ళు కాస్త తక్కువగా ఉన్నట్టున్నాయి. మీకు వీలున్నప్పుడు చూడండి." తవిటమ్మ మెడ నరాలు మాత్రం తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. వీలున్నప్పుడు చూడమనేవాళ్ళకి మెడ నరాలు ఉబ్బవు. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వి, "మీ ఓర్పుకి ధన్యవాదాలు" అని వెళ్ళిపోయింది. ఇది పదిరోజులుగా జరుగుతోంది.

తప్పు ఆ పిల్లది కాదు, చెవిలో పూసది. గడప దాటినా, ఇంటికి పరాయివాళ్ళు వచ్చినా అందరమూ పెట్టుకోవాల్సిందే. ఎవరేమన్నా అది కడిగి, పంచదార అద్ది లోపలికి పంపుతుంది. మనసులు నొచ్చుకోకుండా పెట్టారట. తిట్టినా పొగిడినట్టే, అడిగినా దండం పెట్టినట్టే. ఇక ఎవడికైనా ఎవడి బాధైనా ఎలా తెలుస్తుంది?

అందుకే ఇది రాస్తున్నాను. కాగితానికి పూస లేదు. మండలి వాళ్ళ వారం నంబరు వెయ్యను, తిథే వేస్తాను.

పంచమి

అప్పడాలు ఎండబెడుతుంటే హిమజ వచ్చి, చెవి పూస తీసి పక్కన కూర్చుంది. అడక్కుండా అప్పడాలు తిరగేస్తోందంటే ఏదో ఉందన్నమాట. అలలతో కరెంటు తీసే మిల్లులో తనతో పనిచేసే విహారిని చేసుకుంటానంది. అబ్బాయి మంచివాడే, నేనూ చూశాను. కానీ వాళ్ళమ్మ ఎవరు? మర్యాద మండలి అధ్యక్షురాలు వకుళాదేవి. ఈ పూసలు ఊరికి తెచ్చిన మనిషి.

"ఆవిడ చాలా మంచిదమ్మా. నన్ను ఒక్క మాట అనదు" అంది హిమజ.

"అనదో, నీకు వినపడదో?"

"మొదలెట్టావా! నన్ను బళ్ళో నల్లతుమ్మ అని ఏడిపించేవాళ్ళు, గుర్తుందా? పూసలొచ్చాకే అది ఆగింది."

"ఆగలేదే పిచ్చిదానా. నీకు వినపడ్డం మానేసింది."

దాని మొహం చూసి, అనకుండా ఉండాల్సిందనుకున్నాను. ఆ పేరు విన్నరోజుల్లో ఆ పిల్ల అన్నం తినకుండా పడుకునేది. ఆ ఏడుపు నాకు తెలుసు. ఏడుపు లేకుండా చేశామని వాళ్ళంటారు, అన్నవాళ్ళ నోరు అలాగే ఉందని నేనంటాను. ఆ నోళ్ళే ఇప్పుడు వేదికలెక్కి నీతులు చెబుతున్నాయి. శ్రీరంగనీతుల సామెత ఉంది కదా, అందులో మొదటి సగం వీళ్ళకి అతికినట్టు సరిపోతుంది. రెండో సగం రాయను. ఏ పాపమూ ఎరగనివాళ్ళని అందులోకి లాగారు, అది పోయినా నాకు విచారం లేదు. మొదటి సగం మాత్రం పోకూడదు.

అష్టమి

వకుళాదేవి మా వరసకి వచ్చి సభ పెట్టింది. "మాట నొప్పించని ఊరే నా కల" అంది. అందరూ చప్పట్లు. చెవులతో లాభం లేదని నేను పెదాలే చూస్తూ కూర్చున్నాను. వేదిక మీద ఉన్నంతసేపూ పెదాలూ మాటలూ కలిసే ఉన్నాయి. దిగాక, ఆవిణ్ణి పై వరసకి లాగాల్సిన తాళ్ళబండి తిప్పే మనిషి ఆలస్యం చేశాడు. "తొందరేం లేదు నాయనా" అని నా చెవికి వినిపించింది. ఆవిడ పెదాలు మాత్రం "గాడిదా" అన్నాయి. తొందర అనాలంటే పెదాలు గుండ్రంగా చుట్టుకోవాలి, గాడిదకి అక్కర్లేదు. వాడు నవ్వుతూ దండం పెట్టాడు.

అదీ సంగతి. పూస పెట్టింది మన మనసు నొచ్చుకోకుండా కాదు, వాళ్ళ నోటికి కళ్ళెం లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఇంట్లో గడప లోపల కూడా పూస తియ్యరట. ఈవిడ రేపు నా కూతుర్ని నానామాటలూ అంటుంది. హిమజ చెవికి అవన్నీ ముద్దుగా వినిపిస్తాయి. తనని అన్నదేమిటో తెలియకుండా నా పిల్ల పాతికేళ్ళు ఆ ఇంట్లో నవ్వుతూ తిరుగుతుంది. అది తలచుకుని అప్పడాలు ఒత్తడం ఆపి ఇది రాయడానికి కూర్చున్నాను.

మా అమ్మ కాలంలో దీనికో మందు ఉండేది. పెళ్ళిలో వియ్యపురాలి మీద ఎకసెక్కం పాటలు పాడేవాళ్ళు. ఎదటి మనిషిని గిల్లి చూడటం అన్నమాట. నవ్వి తిప్పికొడితే ఆ ఇంట్లో పిల్లని ఇవ్వొచ్చు. మూతి ముడుచుకుంటే జాగ్రత్తపడొచ్చు. ఇప్పుడు పాడితే వీణ వేస్తారు. అంటే, మన గొంతు ఊళ్ళో ఏ పూసకీ అందకుండా చేస్తారు. ఏం మాట్లాడినా ఎదటివాళ్ళకి వీణ వాయించినట్టు వినిపిస్తుంది. చేపల నరసయ్యకి కిందటేడు వేశారు. చేపలోయ్ అని అరిస్తే జనం చెవులు రిక్కించి ఆనందించేవారట, ఒక్కళ్ళూ చేప కొనేవారు కాదు.

దశమి

నేనెంత చెప్పినా హిమజ పట్టు వదల్లేదు. ఈరోజు దాన్ని పెళ్ళికూతుర్ని చేశాం. మగపెళ్ళివారు రావడం మా ఆచారంలో లేదు. అయినా వకుళాదేవి వచ్చింది, కెమెరాలతో సహా. దిగువ వరస ఇంట్లో పీట మీద కూర్చుని సున్నిపిండి గిన్నె పట్టుకున్న ఫొటోలు తీయించుకుంది. తలంటు మొదలవుతుందనగానే కెమెరాల వాళ్ళు బయటికి పోయారు. ఆవిడ పోవడానికి లేదు, చేతులు అప్పటికే నూనెలో ఉన్నాయి.

నూనె తగిలితే పూస చెడిపోతుంది. అంచేత స్నానాల గదిలో పూసలు తియ్యొచ్చని చట్టమే చెబుతోంది. చట్టం రాసినవాళ్ళు గదిలో ఒక్క మనిషే ఉంటుందనుకున్నారు. నలుగు పెట్టేటప్పుడు పదిమంది ఆడవాళ్ళు చేరతారని వాళ్ళకి తట్టలేదు. రాసినవాళ్ళంతా మగవాళ్ళయినా అయివుండాలి, నలుగు ఎరగనివాళ్ళయినా అయివుండాలి. పూసలన్నీ ఇత్తడి పళ్ళెంలో పెట్టాం. వకుళాదేవిది పక్కనున్నవాళ్ళు తీసి పెట్టారు.

ఎన్నేళ్ళకో బయటి మనుషుల గొంతులు విన్నాను. ముందు తవిటమ్మ గొంతే విన్నాను.

"ఏటమ్మా, పదిహేను దినాలై సెప్తన్నాం. మా వరసకి నీల్లు రావట్లేదు. పిల్లలు ఉప్పునీల్లతో మొకాలు కడుగుతన్నారు. మీకు జాలి నేదా?"

వకుళాదేవి చెయ్యి ఆగిపోయింది. "నాకెవరూ చెప్పలేదే!"

"సెప్పాం. మీ సెవికి ఎక్కనేదు."

నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. హిమజ భుజానికి నలుగు పెడుతూ అందుకున్నాను:

వేదికెక్కితే వెన్నముద్దట మా వియ్యపురాలు
మెట్లు దిగితే మిరపతొక్కట మా వియ్యపురాలు
అందరొకటే అందరొకటే అంటుందట

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గది ఎగిరిపోయేలా నవ్వారు. ఆ గోలలో నాలుగో చరణం ఎవరికీ వినపడేట్టు లేదు. నేను వకుళాదేవి చెంపకి పసుపు రాస్తూ, చెవిలో పాడాను:

అల్లం పచ్చడి తనకే దాచుకు తింటుందట

"ఏమన్నావే, ఏమన్నావే?" అని తవిటమ్మ అడిగింది. నేను చెప్పలేదు.

వకుళాదేవి మొహం ఎర్రబడింది. అయిపోయింది, పెళ్ళి ఆగిపోయిందనుకున్నాను. అంతలో ఆవిడ మోచేత్తో ముక్కు తుడుచుకుని, నాకంటే పై శ్రుతిలో మొదలెట్టింది:

అప్పడాలే అమ్ముతుందట మా వియ్యపురాలు
ఎండ కూడా అరువు తెచ్చునట మా వియ్యపురాలు
నిజమే చెబుతా నిజమే చెబుతా అంటుందట
వయసడిగితే ఐదేళ్ళిట్టే మింగేస్తుందట

ఏం గొంతు! పాడి పాడి పండిన గొంతు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచిందో. నా వయసు సంగతి ఎవరు చెప్పారో గానీ పళ్ళు రాలేలా నవ్వాను. హిమజ నలుగుతో నిండిన మొహంతో మా ఇద్దరినీ చూసి, "అమ్మా, నువ్వు ఓడిపోయావు" అంది. ఓడిపోయాను. కడుపు చల్లబడింది. ఈ మనిషి దగ్గర నా పిల్ల ఉండొచ్చనిపించింది.

ద్వాదశి

పై వరసల తొట్లు తెరిపించినట్టున్నారు, నిన్న మా వరసకి నీళ్ళొచ్చాయి. తవిటమ్మ బిందెలు, చెంబులు, చివరికి గ్లాసులు కూడా నింపుకుంది. వకుళాదేవికి చెవులున్నాయి, విందని అందరం అనుకున్నాం.

ఈరోజు నాకు నోటీసు వచ్చింది. స్నానాల గదిలో నొప్పించే పాట పాడానని ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరు చేశారో చెప్పరు, అది వాళ్ళ మర్యాద. నన్ను విచారణకి పిలిచారు.

ఎవరు? పొద్దుటినుంచీ ఒక్కొక్క మొహాన్నీ తలచుకుంటున్నాను. తవిటమ్మ నీళ్ళ కోసం నన్ను అమ్మేసిందా? నీళ్ళు రావడం, నోటీసు రావడం ఒకదాని వెనక ఒకటి జరిగాయి కదా. సాయంత్రం ఆవిడ కూర గిన్నె పట్టుకొస్తే తలుపు తియ్యలేదు. ఆ గదిలో ఉన్న మా పిన్ని కూతురా? దానికి నా గొంతంటే ఎప్పుడూ అసూయే. ఒక్క క్షణం హిమజ మీదికి కూడా పోయింది బుద్ధి. పూసల్ని వెనకేసుకొచ్చేది అదే కదా. కన్న కూతుర్ని అనుమానించాక నా మీద నాకే రోత పుట్టింది. పూసవల్ల మాటలే పోయాయనుకున్నాను, మనుషులు కూడా పోతున్నారు.

పున్నమి

విచారణలో అందరూ పూసలు పెట్టుకోవాలి. అధ్యక్షురాలి కుర్చీలో వకుళాదేవి. నా వైపు చూడలేదు.

కిరణ్మయి ఫిర్యాదులోని పాట చదివింది. రాసినవాళ్ళ చేతిరాత తెలియకూడదని ఆ కాగితం ఇంకెవరికీ చూపరు. పూసలోంచి అది మా అందరికీ ఎలా వినిపించిందంటే: "వేదిక మీదా, మెట్ల మీదా ఒకే చల్లదనం గల వియ్యపురాలు. అందరినీ ఒకటిగా చూస్తూ, అల్లం పచ్చడి అందరికీ పంచే తల్లి."

సభ్యుల్లో ముసలాయన తల గోక్కున్నాడు. "ఇది సన్మానపత్రంలా ఉందండీ. ఇందులో నొప్పించేది ఏముంది?"

ఇంకోసారి చదివించారు. ఈసారి ఇంకా తియ్యగా వచ్చింది. అసలు పాట వినాలంటే ఎవరో ఒకరు పూస తియ్యాలి. సభలో పూస తియ్యడం నేరం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. అంతలో ఒక మాట దగ్గర ఆగాను.

అల్లం పచ్చడి.

ఆ మాట నేను ఒక్క చెవిలోనే పాడాను. తవిటమ్మ అడిగినా చెప్పలేదు. ఆ గదిలో అల్లం పచ్చడి గురించి తెలిసిన మనిషి ఒక్కరే, ఆ మనిషి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. పాడింది. నవ్వింది. నీళ్ళు పంపింది. ఇంటికెళ్ళి నా మీద ఫిర్యాదు రాసింది.

"నొచ్చుకున్నామని ఒకరు రాశాక మనం వినక్కర్లేదు" అంది వకుళాదేవి. "మూడు నెలలు వీణ."

నువ్వూ పాడావు కదా అనడానికి నోరు తెరిచాను. వెనక వరసలో హిమజా విహారీ పక్కపక్కన కూర్చున్నారు. ఆ పిల్లాడు దాని చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక ముందు తవిటమ్మ గుమ్మంలోకి వెళ్ళి, ఖాళీ గిన్నె అడిగి తీసుకుని, అప్పడాలతో నింపి ఇచ్చాను. మాట్లాడబోతే ఆవిడ పూసలో వీణ మోగినట్టుంది, కళ్ళు తుడుచుకుంది.

బహుళ విదియ

వకుళాదేవి ఒక్కతే వచ్చింది, కెమెరాలు లేకుండా. మా వంటింట్లో కూర్చుని, తనే పూస తీసి పళ్ళెంలో పెట్టింది, నాదీ పెట్టించింది. తియ్యక తప్పదు. ఇప్పుడు నన్ను వినాలంటే ఉత్త చెవి కావాలి.

"నేనేనని మీకు తెలిసిపోయింది కదూ, వదినగారూ?"

"అల్లం దగ్గర తెలిసింది."

"పదిమంది విన్నారు. అందులో ఎవరైనా నా మీద రాస్తే నా కుర్చీ పోతుంది. ముందు నేను రాస్తే, పాడింది మీరు, నొచ్చుకుంది నేను అవుతుంది. రాత్రంతా నిద్ర పట్టక రాసేశాను."

"నేనూ పాడానని మీరు చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్పలేను వదినా. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు నిజం చెప్పిన రోజు నేను చూడలేదు."

నా కోపం నషాళానికంటింది. ఈ సంబంధం వద్దు, లేచి వెళ్ళమన్నాను. ఆవిడ లేవలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి నిజం నీళ్ళో, వేదిక నీళ్ళో నేను చెప్పలేను.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ హిమజ లోపలికి వచ్చింది. తన పూస కూడా తీసి పళ్ళెంలో పడేసింది.

"అత్తయ్యగారూ, రేపు మీ ఇంట్లో మీరు నన్ను తిడితే నాకు తెలుస్తుందా?"

వకుళాదేవి పళ్ళెంలో పూసల్ని పక్కకి జరిపింది. "తెలియదమ్మా. పొగిడినట్టే వినిపిస్తుంది" అంది.

"అయితే ఒక మాట ఇవ్వండి. ప్రతి శుక్రవారం మీరే నాకు తలంటు పొయ్యాలి. పూసలు పళ్ళెంలో ఉండాలి. ఆ వారం నా మీద ఏం కోపం ఉన్నా అక్కడ చెప్పాలి, నేనూ చెబుతాను. ఇవ్వలేకపోతే పెళ్ళి వద్దు. విహారికి నేనే చెప్పుకుంటాను."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం."

ఆవిడ హిమజ చెయ్యి పట్టుకుని తలూపింది. మాట నిలబెట్టుకుంటుందా? నాకు నమ్మకం లేదు. కానీ అడిగింది నా కూతురు. నల్లతుమ్మ అంటే అన్నం మానేసిన పిల్ల, తనని తిట్టమని అడిగింది. నాకు గర్వంగా ఉంది.

బహుళ షష్ఠి

పెళ్ళి అయింది. నేను ఎవరిని పలకరించినా వీణే. వంటవాళ్ళకి పులుసులో ఉప్పు తగ్గిందని చెబితే తన్మయంగా తలలూపారు. ఉప్పు లేకుండానే వడ్డించారు.

అప్పగింతలప్పుడు పాల పళ్ళెంలో హిమజ చెయ్యి ముంచి వకుళాదేవి చేతిలో పెట్టాను. ఆవిడ చెవుల మీదుగా పూలచెండ్లు వేలాడేసుకుని ఉంది. తల్లి మాట్లాడాల్సిన మాటలు మాట్లాడాలి కదా. ఎవరికీ వినపడకపోయినా సరే అని మొదలెట్టాను. "మా పిల్లకి కోపం ఎక్కువ. అబద్ధమాడితే ముక్కు కొన ఎర్రబడుతుంది, అది మా ఇంటి లక్షణం. తండ్రి లేని పిల్ల, ఏదైనా ఉంటే మొహం మీదే చెప్పండి." చుట్టూ ఉన్న జనం వీణ విని కళ్ళొత్తుకుంటున్నారు. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. అది ఆపుకోవడానికి ఏదో ఒకటి అనాలి. "అల్లం పచ్చడి మాత్రం దాచుకోకండి" అన్నాను.

వకుళాదేవి పకాలున నవ్వింది.

అందరూ ఏడుస్తున్న చోట ఆవిడొక్కతే నవ్వింది. పువ్వుల చాటున ఆ చెవిలో పూస లేదు. నిండు పందిట్లో, తన చట్టాన్ని తనే మీరి, నా మాట వినడానికి ఉత్త చెవితో వచ్చింది.

నవ్వు విని కిరణ్మయి తిరిగి చూసింది. అంత తెలివితక్కువదేం కాదు. వకుళాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలెట్టింది. కిరణ్మయి నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. "మీరు దగ్గరగా ఉన్నారు. అధ్యక్షురాలి చెవిలో పూస ఉందా? నిజం చెబితే మీ వీణ ఇప్పుడే తీసేస్తాం. ఊరికే తలూపండి, చాలు."

ఇలాంటి రోజు కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో. తాళ్ళబండి వాడి తరఫున, తవిటమ్మ పిల్లల తరఫున, మూగబోయిన నా గొంతు తరఫున ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. వకుళాదేవి నన్నే చూస్తోంది. ఆవిడ చేతిలో నా పిల్ల చెయ్యి ఇంకా పాలతో తడిగానే ఉంది.

ఉందని తలూపాను.

కిరణ్మయి వెళ్ళిపోయింది. హిమజ నా ముక్కు వంక చూసి కళ్ళతోనే నవ్వింది. నిజమే చెబుతా, నిజమే చెబుతా అంటుందట. ఆవిడ పాట అక్షరాలా నిజమైంది. నా జన్మలో ఇంత మర్యాదగా నేనెప్పుడూ ప్రవర్తించలేదు.

ఎల్లుండి శుక్రవారం. హిమజ వెంట పంపడానికి కుంకుడుకాయలు కొట్టి మూట కట్టాను. నాలుగు ఎక్కువే వేశాను, వదినగారిది ఒత్తు జుట్టు.